కట్టె... మీట నొక్కితే కొట్టె!

గొడ్డలి ఎత్తి దించే పనిని చలిదేశాల పెరళ్లలో ఓ చిన్న కరెంటు యంత్రం అందుకుంది. అరవై దాటినవాళ్లూ, నడుంనొప్పి ఉన్నవాళ్లూ తమ ఇంటి కట్టెలు తామే చీల్చుకుంటున్నారు. అయితే దాని దగ్గర చేతులూ జాగ్రత్తగా ఉండాలి, క్యాలెండరూ గుర్తుండాలి!

రామాయణాన్ని మూడు ముక్కల్లో చెప్పమంటే ‘కట్టె... కొట్టె... తెచ్చె’ అనేస్తాం. అమెరికా ఉత్తరాన వెర్మాంట్, మెయిన్ రాష్ట్రాల్లోనో, ఐరోపాలో నార్వే, ఫిన్లాండ్ పల్లెల్లోనో చలికాలం కథ కూడా ఇంచుమించు ఆ మూడు ముక్కలే. కాకపోతే వరస మారుతుంది. ముందు కట్టె తెచ్చుకోవాలి, తర్వాత కొట్టాలి, ఆపైన దొంతర కట్టాలి. మూడింటిలోనూ ఒళ్లు హూనం చేసేది నడిమిదే... కొట్టడం.

మనకు కట్టెలంటే గుర్తొచ్చేవి పెళ్లింట గాడిపొయ్యి, పెరట్లో నీళ్ల కాగు, సంక్రాంతి ముందు భోగి మంట. సరుగుడో, తుమ్మో మణికట్టంత లావున్నది దొరికితే నేరుగా పొయ్యిలోకి తోసేయడమే. మరీ లావు మొద్దులైతే అడితిలోనే నాలుగు దెబ్బలు వేయించి తెచ్చుకునేవాళ్లు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల పథకం వచ్చాక గ్యాసు బండ పల్లెలకూ చేరి ఆ అవసరమూ బాగా తగ్గింది.

చలిదేశాల లెక్క వేరు. అక్కడ కట్టె వంట కోసం కాదు, ఇంటి కోసం. హాల్లో ఓ మూల ఇనుప పెట్టె లాంటి పొయ్యి ఉంటుంది. ముందువైపు అద్దం తలుపు, వెనకనుంచి పైకప్పు దాటి వెళ్లే పొగగొట్టం. బయట గడ్డకట్టే చలి ఉన్నన్నాళ్లూ ఆ పొయ్యి చల్లారకూడదు. ప్రధానంగా కట్టెలతోనే ఇల్లు వెచ్చబెట్టుకునే కుటుంబాలు ఒక్క అమెరికాలోనే ఇప్పటికీ పది లక్షలకు పైగా ఉన్నాయి. మిగతావాళ్లలో ఇంకెందరికో అది రెండో ఆసరా.

అక్కడ కట్టెల్ని కొలిచే లెక్క ‘కార్డు’. 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవున పేర్చిన దొంతర... అంటే 128 ఘనపుటడుగులు. చెట్టు జాతిని బట్టి ఒక్కో కార్డు టన్ను నుంచి టన్నున్నర పైదాకా తూగుతుంది. పూర్తిగా కట్టెల మీదే ఆధారపడిన ఇంటికి ఒక్క చలికాలానికి అలాంటివి నాలుగైదు కావాల్సి రావచ్చు. అందులో ప్రతి పేడునూ ఎవరో ఒకరు గొడ్డలితో చీల్చాల్సిందే. పాతికేళ్ల కుర్రాడికి అది కసరత్తు. అరవై అయిదేళ్ల ఆయనకు? ఒంటరిగా ఉంటున్న ఆవిడకు? ఇంట్లో పొయ్యి ఉంది, పెరట్లో చెట్టూ ఉంది, మధ్యలో భుజమే సహకరించదు. చాలామంది కట్టెల పొయ్యికి స్వస్తి చెప్పేది సరిగ్గా అక్కడే.

పెరట్లో పడిన చెట్టు
ఈ గొడవ అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లకు ఎందుకంటారా? వాళ్లలో ఎక్కువమంది ఇళ్లు గ్యాసుతోనో కరెంటుతోనో వెచ్చబడతాయి. నిజమే. కానీ పాత ఇళ్లు కొన్నవాళ్లకు కట్టెలు కాల్చే ఫైర్‌ప్లేస్ ఇంటితోపాటే వస్తుంది. దానికి తోడు పెరట్లో ఓ పెద్ద చెట్టు. అది గాలివానకు కూలిందంటే కోసేవాళ్లను పిలవాలి. కోసి దుంగలు అక్కడే వదిలేస్తే ఒక ధర, ఎత్తుకుపొమ్మంటే ఇంకో ధర. రెండో ధర విన్నాక దుంగలు పెరట్లోనే ఉండిపోతాయి!

మరో కారణం ఓ పచ్చరంగు పురుగు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఈ ఆసియా పురుగును 2002లో మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ ప్రాంతంలో గుర్తించారు. బెరడు కింద సొరంగాలు తొలిచి, ఆ తర్వాతి ఏళ్లలో కోట్ల సంఖ్యలో యాష్ చెట్లను చంపేసింది. చచ్చిన చెట్టు ఇంటిమీద పడకముందే కొట్టించక తప్పదు. అలా వచ్చిన యాష్ కలప పొయ్యికి చాలా మంచిది, గొడ్డలికైనా యంత్రానికైనా తిన్నగా చీలుతుంది. పోనీ దూరంలో ఉన్న స్నేహితుడికి కారులో వేసుకెళ్లి ఇద్దామంటే వద్దంటారు. పురుగు ఊళ్లు దాటింది చాలావరకు అలా ప్రయాణం చేసిన వంటచెరకుతోనే మరి. ఏ ఊరి కట్టె ఆ ఊళ్లోనే కాల్చాలన్నది అక్కడి ప్రభుత్వాల మాట.

పాస్కల్ పెట్టిన బలం
ఇక యంత్రం సంగతి. ‘ఎలక్ట్రిక్ లాగ్ స్ప్లిటర్’ అంటారు. చూడ్డానికి మూడడుగుల పైచిలుకు పొడవున్న ఇనుప బల్ల, దానికి రెండు చిన్న చక్రాలు. బరువు 45 నుంచి 50 కిలోలు. ఒక చివర ముక్కోణపు ఇనుప చీల, రెండో చివర ముందుకు జరిగే దిమ్మ. దుంగను మధ్యలో పడుకోబెడితే దిమ్మ దాన్ని చీల మీదకు నెడుతుంది. టప్పున చప్పుడు... దుంగ రెండు పేళ్లు!

మిక్సీలా ఇంటి ప్లగ్గులో పెట్టుకునే యంత్రానికి అయిదు టన్నుల బలం ఎక్కడిది? హైస్కూల్లో చదువుకున్న పాస్కల్ నియమంలోంచి. ఒకటిన్నర, రెండు హార్స్‌పవర్ల మోటారు ఒక పంపును తిప్పుతుంది. పంపు నూనెను గొట్టంలోకి తోస్తుంది. ఆ ఒత్తిడి వెడల్పాటి పిస్టన్ మీద ప్రతి అంగుళంలోనూ ఒకేలా పనిచేసి, అంతా కలిసి టన్నుల్లోకి వెళుతుంది. జేసీబీ చేయి లేచేదీ, టిప్పర్ లారీ తొట్టి పైకెత్తేదీ ఈ కిటుకుతోనే. బలం వచ్చింది కాబట్టి వేగం పోవాలి. అందుకే దిమ్మ నింపాదిగా కదులుతుంది. ఒకసారి వెళ్లిరావడానికి పది, ఇరవై సెకన్లు. ఊళ్లో గొడ్డలి పట్టిన అలవాటున్న పెద్దాయన అమెరికాలో కొడుకింటికి వెళ్లి దీన్ని చూస్తే ‘ఇదేంట్రా, నత్త నయం’ అనడం ఖాయం. నాలుగు దుంగల దాకా ఆయనే గెలుస్తాడు. నలభయ్యో దుంగ దగ్గర చూడాలి!

కరెంటు ఖర్చు భయపడేంత కాదు. 1,500 వాట్ల మోటారు గంటసేపు ఆగకుండా తిరిగినా ఒకటిన్నర యూనిట్లే. ఒక కిలో ఎండు కట్టె కాలితే వచ్చే వేడి సుమారు 4 యూనిట్లకు సమానం. గంటలో ఎన్ని కిలోలు చీల్చగలమో ఊహించుకుంటే లెక్క తేలిపోతుంది. అమెరికాలో చిన్న రకం ధర మూడు, నాలుగు వందల డాలర్ల నుంచి మొదలవుతుంది. రెండుమూడు ఇళ్లవాళ్లు కలిసి కొనుక్కుంటే ఇంకా మేలు. ఏడాదంతా షెడ్డులో కూర్చుని నాలుగు వారాంతాలు పనిచేసే వస్తువుకు ఒక్కరే అంత పెట్టడం ఎందుకు?

దానికీ ఓ స్థాయి ఉంది
కొన్నవాళ్లలో కొందరు పెదవి విరిచేది యంత్రం మంచిది కాక కాదు, దాని కొలతలు చూసుకోక. అయిదు టన్నుల రకం సాధారణంగా 10 అంగుళాల అడ్డకొలత, 20 అంగుళాల పొడవు దాకా ఉన్న దుంగలకే. 16 అంగుళాల పొడవున కోసిన 10 అంగుళాల పచ్చి ఓక్ దుంగ ఇంచుమించు 20 కిలోలు ఉంటుంది. నిండు గ్యాసు బండ కన్నా తక్కువే, ఎత్తి పెట్టొచ్చు. అదే పొడవులో 18 అంగుళాల లావున్నదైతే 60 కిలోలు దాటుతుంది. దాన్ని యంత్రం మీదకు ఎక్కించడమే పెద్ద పని. అలాంటి మొద్దులకు పెట్రోలుతో నడిచే పెద్ద యంత్రాలు వేరే ఉన్నాయి. అద్దెకూ దొరుకుతాయి.

దుంగలోనూ మంచీ చెడూ ఉంటాయి. కట్టెకు నిలువుగా చీలే గుణం ఉంది, నారలన్నీ అటే ఉంటాయి కాబట్టి. కొమ్మ మొలిచిన చోట బొడిపె ఉంటే నారలు దాని చుట్టూ మెలి తిరుగుతాయి. అక్కడ యంత్రం మూలుగుతుంది, దిమ్మ ఆగిపోతుంది. అయిదు సెకన్లకు మించి పట్టుబట్టకూడదని వీటితో వచ్చే చిన్న పుస్తకాల్లో ఉంటుంది. ఎక్కువసేపు నొక్కిపెడితే నూనె వేడెక్కి పంపు దెబ్బతింటుంది. దుంగను పావు వంతు తిప్పి మళ్లీ పెట్టాలి. బొడిపె ఉన్న కొసను చీలకు దూరంగా ఉంచితే కొన్నిసార్లు దారికొస్తుంది. అప్పటికీ లొంగకపోతే పక్కన పడేయడమే. పెద్ద మంట వేసిన రోజున అలాంటి మొద్దు రాత్రంతా నెమ్మదిగా కాలుతుంది కూడా. ఎల్మ్ అనే చెట్టు మరీ మొండిది. చీలినట్టే చీలి, కొబ్బరి పీచులా నారలతో రెండు ముక్కలూ అతుక్కునే ఉంటాయి. వాటిని కోయడానికి పక్కన చిన్న గొడ్డలి ఉండాల్సిందే.

పని మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి కొన్ని చిన్నవే, కానీ మరిస్తే ఖరీదైనవి. చాలా రకాల్లో నూనె తొట్టికి గాలి వదిలే మర ఒకటి ఉంటుంది. పనిచేసేటప్పుడు దాన్ని రెండుమూడు చుట్లు వదులు చేయాలి. బిగించి ఉంచితే లోపల గాలి ఒత్తిడికి సీళ్లు పాడై నూనె కారుతుంది. పని అయ్యాక బిగించకుండా యంత్రాన్ని ఎత్తి పెడితే... నూనె షెడ్డు నేల మీద! ఎక్స్‌టెన్షన్ వైరు కూడా అంతే. టేబుల్ లైటుకు వాడే సన్నటి వైరు తగిలిస్తే మోటారుకు కరెంటు చాలక వేడెక్కుతుంది. తీగ లావుగా, పొడవు తక్కువగా ఉండాలి. గడ్డకట్టే చలిలో నూనె చిక్కబడుతుంది కాబట్టి దుంగ పెట్టకుండా కాసేపు ఊరికే తిప్పడం మంచిది.

ఇంకోటి... యంత్రం చక్రాల మీద నేలకు జానెడు ఎత్తులోనే ఉంటుంది. నడుము కోసం యంత్రం కొని, వంద దుంగలకు వందసార్లు వంగి, అదే నడుముకు బెల్టు వేయించుకునేవాళ్లూ ఉంటారు. కదలని గట్టి బల్ల మీదకు, తొడల ఎత్తుకు ఎక్కించుకుంటే సుఖం. ఆ ఎక్కించే పని మాత్రం ఇద్దరిది.

కోతి పీకిన చీల
పంచతంత్రంలో వడ్రంగులు సగం కోసి చీల దిగ్గొట్టి వెళ్లిన దుంగ మీద కోతి కూర్చుంటుంది. ఊరుకోక ఆ చీల పీకుతుంది. తెరుచుకున్న చెక్క ఒక్కసారిగా మూసుకుని దాని ప్రాణం తీస్తుంది. చిన్నప్పుడు ‘తనకు మాలిన పని’కి ఉదాహరణగా విన్న కథ ఇది. కట్టె చీల్చేవాళ్లకు మాత్రం అందులో అక్షరాలా పాఠం ఉంది. సగం చీలిన దుంగ మూసుకుంటుంది.

ఈ యంత్రాల దగ్గర వేళ్లు నలిగేదీ అలాంటి చోటే. అందుకే దీన్ని నడపడానికి రెండు చేతులూ కావాలి. ఒక చేత్తో స్విచ్చి నొక్కి ఉంచాలి, రెండో చేత్తో లీవర్ పట్టుకోవాలి. ఏ ఒక్కటి వదిలినా దిమ్మ ఆగిపోతుంది. ఐరోపా భద్రతా ప్రమాణాలూ ఇలా రెండు చేతుల ఏర్పాటే కోరతాయి. రెండు చేతులూ మీటల మీద ఉంటే దుంగ మధ్యలోకి పోవడానికి మూడో చెయ్యి లేదు కదా! ఆ మూడో చెయ్యి ఎక్కడినుంచి వస్తుందంటే... సాయం చేస్తానని వచ్చిన మనిషి నుంచి. ఒకరు దుంగ సర్దుతుంటారు, ఇంకొకరు మీట నొక్కేస్తారు. భార్యాభర్తలైనా, తండ్రీకొడుకులైనా ఇక్కడ సాయం పనికిరాదు. పెట్టేదీ, నొక్కేదీ ఒక్కరే కావాలి. రెండోవాళ్లు చీల్చిన పేళ్లను దూరంగా మోసుకెళ్లి పేర్చుకోవచ్చు. ఓ స్విచ్చిని తాడుతో కట్టేసి ఒంటిచేత్తో పని కానిచ్చే ‘తెలివి’ మన దగ్గరే కాదు, అక్కడా ఉంది. అంతకన్నా ఆ గొడ్డలే నయం.

చీల మధ్యలో దుంగ ఇరుక్కుంటే చేత్తో లాగకూడదు. దిమ్మను పూర్తిగా వెనక్కి పోనిచ్చి, ప్లగ్గు తీసి, కింద నుంచి చెక్క చీల పెట్టి వదిలించాలి. దుంగ కొసలు ఏటవాలుగా కోసి ఉంటే నొక్కగానే పక్కకు ఎగురుతుంది. కాబట్టి రెండు కొసలూ చదునుగా ఉండాలి. అడ్డంగా పెట్టి చీల్చాలని చూడటం, ఒకేసారి రెండు దుంగలు పెట్టడం అసలు కూడదు. కళ్లద్దాలు, గట్టి బూట్లు తప్పనిసరి. వేలాడే చున్నీలూ, స్కార్ఫులూ వద్దు. పిల్లలు కిటికీలోంచి చూస్తే చాలు.

ఈ చలికి కాదు... వచ్చే చలికి
కొత్తవాళ్లకు ఒక పట్టాన మింగుడుపడని విషయం ఇది. ఇవాళ చీల్చిన పేడు ఇవాళ్టి పొయ్యికి పనికిరాదు. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో సగం దాకా నీరే ఉండొచ్చు. దాన్ని పొయ్యిలో పెడితే మంట వేడి ఆ నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. ఇల్లు వెచ్చబడదు సరికదా పొగ ఎక్కువవుతుంది. ఆ పొగ గొట్టంలో చల్లబడి క్రియోసోట్ అనే జిడ్డు మసిగా పేరుకుంటుంది. ఏదో ఒక రోజు అదే అంటుకుంటే పొగగొట్టమే కొలిమి. ఇంటి పైకప్పు దాకా వెళ్లే ప్రమాదం అది. అందుకే ఏడాదికోసారి చిమ్నీని చూపించి శుభ్రం చేయించుకోమంటారు.

కట్టెలో తేమ 20 శాతం కన్నా తక్కువకు దిగాలి. పైన్ లాంటి మెత్తని జాతులు ఆరు నెలల్లో ఆరతాయి. ఓక్‌కు రెండేళ్లు కావాల్సి రావచ్చు. దుంగను దుంగగానే వదిలేస్తే బెరడు తేమను బయటకు పోనివ్వదు. చీలిస్తేనే గాలి తగిలేది. యంత్రం అసలు విలువ ఇక్కడుంది. వసంతంలో చెట్టు పడింది, గొడ్డలి పట్టే ఓపిక లేక దుంగలు అలాగే ఉండిపోయాయి అనుకోండి, అవి రెండో చలికాలానికీ పచ్చిగానే ఉంటాయి. రోజుకో గంట చొప్పున పది రోజుల్లో చీల్చి పడేస్తే ఎండాకాలమంతా గాలీ ఎండా పని చేసిపెడతాయి. ఇంగ్లాండులో 2021 మే నుంచి చిన్న మొత్తాల్లో పచ్చి కట్టెలు అమ్మడాన్నే నిషేధించారు. పొగ భరించలేక!

ఆరిందో లేదో తెలుసుకోవడానికి చిన్న తేమ మీటర్లు దొరుకుతాయి. పేడును మళ్లీ చీల్చి, లోపలి ముఖం మీద దాని ముళ్లు గుచ్చి చూడాలి. పైపైన చూస్తే అంకె మోసం చేస్తుంది. మీటరు లేకపోతే రెండు పేళ్లు ఒకదానికొకటి కొట్టి వినడమే. ఎండినవి ఖణేల్‌మంటాయి. పచ్చివి దబ్బుమంటాయి.

పేర్చడం గురించి నార్వేవాళ్లను అడగాలి. అక్కడ లార్స్ మిట్టింగ్ అనే రచయిత 2011లో కట్టెలు కొట్టడం, పేర్చడం, కాల్చడం మీద ఓ పుస్తకం రాస్తే అమ్మకాల్లో అదిరిపోయింది. ఆ ఊపులో 2013 ఫిబ్రవరిలో ప్రభుత్వ టీవీ ఎన్ఆర్‌కే ఏకంగా 12 గంటల కట్టెల కార్యక్రమం ప్రసారం చేసింది. అందులో గంటలకొద్దీ కనిపించింది ఒక పొయ్యిలో మండుతున్న మంటే! ప్రేక్షకుల నుంచి ఫిర్యాదులూ వచ్చాయి. అయితే విసుగెత్తి కాదు. బెరడు పైకి ఉండేలా పేర్చారేమిటని సగం మంది, కిందికి పేర్చారేమిటని మిగతా సగం. ఆ తగువు తీరేది కాదు గానీ, అందరూ ఒప్పుకునేవి కొన్ని ఉన్నాయి. దొంతర నేలకు తగలకూడదు. పక్కలు తెరిచి ఉండాలి, పైన మాత్రమే కప్పు ఉండాలి. చుట్టూ ప్లాస్టిక్ పట్టా చుట్టేస్తే లోపల చెమ్మ పట్టి బూజే మిగులుతుంది. ఇంటి గోడకు ఆనించి పేరిస్తే చెదలకు స్వాగతం పలికినట్టే.

కరెంటు పోయిన రాత్రి
2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచు తుపాను ముంచెత్తింది. 45 లక్షలకు పైగా ఇళ్లకు, సంస్థలకు కరెంటు పోయింది. డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో తెలుగు కుటుంబాలు ఎంత ఎక్కువో తెలిసిందే. సున్నా కన్నా ఎన్నో డిగ్రీలు కిందికి దిగిన చలిలో చాలాచోట్ల హీటర్లు మూగబోయాయి. కట్టెలు కాల్చే ఫైర్‌ప్లేస్ ఉన్న ఇళ్లకు అదే దిక్కయింది. కట్టెలు అయిపోయి కుర్చీలూ బల్లలూ విరగ్గొట్టి మంట వేసుకున్నవాళ్ల గురించీ అప్పట్లో వార్తలొచ్చాయి.

అలాంటి రాత్రి కరెంటు యంత్రం షెడ్డులో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. దుంగలు పెరట్లో ఉంటాయి, చీల్చే దారి ఉండదు. ముందే చీల్చి, ఆరబెట్టి, ఓ కార్డులో సగమైనా వరండాలో పేర్చుకున్నవాళ్లదే ధీమా. ఓ గొడ్డలీ, దాన్ని పట్టే అలవాటూ ఇంట్లో మిగుల్చుకోవడం కూడా అందుకే మంచిది. ఇదే తుపానులో వెయ్యిమందికి పైగా కార్బన్ మోనాక్సైడ్ సోకి ఆసుపత్రుల పాలయ్యారు. బొగ్గుల గ్రిల్లు ఇంట్లోకి తెచ్చుకోవడం, గ్యారేజీలో కారో జనరేటరో ఆన్ చేసి ఉంచడం వంటివే కారణాలు. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. ఫైర్‌ప్లేస్ వాడినా అంతే, పొగగొట్టం మూత తెరవకుండా కట్టె అంటించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే అలారం ఇంట్లో ఉండాలి. దానికి బ్యాటరీ కూడా ఉండాలి!

మంట వేసుకునే హక్కు అన్నిచోట్లా అన్ని రోజులూ ఉండదు కూడా. కట్టెల పొగలోని సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లోకి లోతుగా వెళుతుంది. ఇటు మన అమ్మమ్మలు పొగగొట్టం లేని పొయ్యి ముందు దగ్గి దగ్గి అనుభవించిందే. కాలిఫోర్నియాలోని శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో గాలి బాగాలేని రోజు ‘స్పేర్ ది ఎయిర్’ హెచ్చరిక ఇస్తారు. ఫ్రీమాంట్, శాన్‌హోసేల్లో ఉండే మనవాళ్లకు ఇది బాగా తెలుసు. కొన్ని మినహాయింపులు తప్పిస్తే ఆ రోజు కట్టెలు కాల్చడం నేరం, జరిమానా పడుతుంది. అందుకే అక్కడ ఈ యంత్రం కొనేముందు, అసలు ఎన్ని రోజులు పొయ్యి వెలిగించనిస్తారో లెక్క చూసుకోవాలి.

మనకు పనికొస్తుందా?
లంబసింగి, అరకుల్లో చలిమంటలు వేసేవాళ్లకో, పొలంలో ఇల్లు కట్టుకున్నవాళ్లకో ఈ ఆలోచన రావచ్చు. మన పొయ్యిల్లోకి వెళ్లే సరుగుడు, తుమ్మ కట్టెల్లో చాలావాటికి చీల్చే అవసరమే ఉండదు. పెద్ద దుంగలు తరచూ చేతికొచ్చే ఇంటికైతే సరే. డ్రిల్లింగ్ మిషన్‌కు తగిలించుకునే శంఖం ఆకారపు మర చీలలు చవకగా అమ్ముతుంటారు. వాటి జోలికి మాత్రం పోకపోవడమే మంచిది. మర దుంగలోకి దిగి బిగుసుకుందంటే దుంగే గిర్రున తిరుగుతుంది. చీరకొంగో, పంచె అంచో దగ్గర్లో ఉంటే అదీ చుట్టుకుపోతుంది.

‘వచ్చేటప్పుడు అమెరికా నుంచి ఒకటి పట్రా’ అని అబ్బాయికి పురమాయించడం కూడా దండగే. విమానంలో సాధారణంగా ఒక్కో పెట్టెకు 23 కిలోలు, ఇది ఒక్కటే 45. తీరా మోసుకొచ్చినా అది 120 వోల్టుల యంత్రం. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే చీలేది దుంగ కాదు, దాని మోటారే!